తమ్ముడి గ్లాసులో తేనెనీళ్ళు

మహాలయ అమావాస్యనాడు పెద్దలకు వడ్డించే విషయంలో మా ఇంట ఒక సంవత్సరం జరిగిన ఏర్పాటును ఆదోని, గుంతకల్లు వైపున్న మా బంధువులు కొందరు ఇప్పుడు ఆచారంగా పాటిస్తున్నారని ఈ మధ్య తెలిసింది. ముందు తండ్రికి వడ్డించాలి, తలుపు తీసి ఆయన గ్లాసు ఖాళీ చేయాలి, ఆ తరువాతే కొడుక్కి వడ్డించాలి అన్నది ఆ వరుస. ఎందుకని ఎవరైనా అడిగితే, బళ్ళారిలో చరిత్ర మేష్టారు పుస్తకాలు తిరగేసి చెప్పాడని నన్ను చూపుతున్నారట. పుస్తకాలు తిరగేసిన మాట నిజమే. తిరగేసిన కొద్దీ నాకు తెలిసిందనుకున్నది కూడా చెదిరిపోయిందన్న మాట ఎవరికీ తెలియదు. ఒక ఇంటి ఇబ్బందిని దాటడానికి తోచీ తోచక చేసిన పని శాస్త్రమై కూర్చోకముందే, జరిగింది జరిగినట్టు రాసిపెట్టడం నా బాధ్యత అనిపించింది.

మాది బళ్ళారి బ్రూస్‌పేటలో తరాలుగా బట్టల వ్యాపారం చేసుకుంటున్న తెలుగు కుటుంబం. దుకాణం నాన్నగారి తరువాత తమ్ముడికి వచ్చింది. నేను చదువు వైపు మళ్ళి, ఉన్నత పాఠశాలలో చరిత్ర బోధించి విరమించాను. భార్య గతించిన తరువాత కంటోన్మెంట్‌లో ఒక చిన్న ఇంట్లో ఉంటున్నాను. మా అమ్మ మాత్రం బ్రూస్‌పేట ఇంటిని, తమ్ముణ్ణి విడిచి ఎక్కడికీ రాలేదు.

పెద్దల పండగనాడు మా నడుమింట్లో గతించినవారి ఫొటోలు పెట్టి, కొత్త బట్టలు మడిచి ఉంచి, ఆకులో వడ్డిస్తాము. కన్నడం కలిసిన మా మాటలో దీన్ని ఎడె అంటాము. ఎవరికి ఏది ఇష్టమో అది ఆ ఆకులో ఉండి తీరాలి. సాంబ్రాణి వేసి, దండం పెట్టుకుని, ఇంటిల్లిపాదీ బయటికి వచ్చి తలుపు మూస్తాము. ఆ కాసేపట్లో పెద్దలు వచ్చి తిని వెళతారని నమ్మకం. తరువాత ఇంటి పెద్దవాడు గట్టిగా దగ్గి తలుపు తీస్తాడు. చెప్పకుండా తీస్తే తింటున్నవారు ఉలిక్కిపడతారట. ఆకులో మిగిలింది ఇంటివారే పంచుకోవాలి. ఏదీ పారేయకూడదు.

నాన్నగారికి దుకాణం కట్టేశాక కొద్దిగా సారాయి తాగే అలవాటు ఉండేది. కనుక ఆయన ఆకు పక్కన గ్లాసు తప్పనిసరి. సారాయి అమ్మకం ఆగిపోయాక అందులో బ్రాందీ పోస్తున్నారు. తలుపు తీశాక ఆ గ్లాసు కొడుకు తాగాలి. నేను జన్మలో మద్యం ముట్టినవాణ్ణి కాను. అందువల్ల ఆ బాధ్యత ఏటా తమ్ముడే నెరవేర్చేవాడు. కాలక్రమాన వాడికి ఆ బాధ్యత ఏడాదికి ఒక్క రోజుతో ఆగలేదు.

కాలేయం చెడిందని డాక్టరు చెప్పిన రోజు తమ్ముడు ఇంటికి వచ్చి, కూతురి నెత్తిన చెయ్యి పెట్టి, ఇక చుక్క ముట్టనని ఒట్టు వేశాడు. అలాంటి ఒట్లు చాలామంది వేస్తారు. వాడు నిలబెట్టుకున్నాడు. నొప్పితో మెలికలు తిరిగిన రోజుల్లో కూడా అడగలేదు. అయితే ఒట్టు ఆలస్యమైంది. కొన్ని నెలలకే పోయాడు. ఆ ఏడు మైల ఉన్నందున పండగ చేయలేదు. మరుసటి ఏడు అమావాస్య దగ్గర పడేసరికి వాడి కూతురు నిండు నెలలతో పుట్టింట్లో ఉంది.

ఒట్టు తప్పితే దాని కీడు ఎవరి తలమీద చెయ్యి పెట్టారో వారికే తగులుతుందని మావైపు గట్టి నమ్మకం. నాకు అలాంటి నమ్మకాలు లేవు. లేవని అనుకునేవాణ్ణి అనడం ఇప్పుడు సరిగా ఉంటుంది.

అమ్మ ఫోన్ చేసి రమ్మంది. ఆటోలో వెళ్ళేసరికి అత్తాకోడళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం మానేసి ఉన్నారు. ఒకరు చెప్పదలచింది మరొకరికి వినపడేలా నాతో చెప్పారు. తన కొడుక్కి బ్రాందీ గ్లాసు పెట్టాలని అమ్మ పట్టు. పెట్టకూడదని మరదలి పట్టు.

"వానికిష్టమైంది పెట్టకుంటే వాడు ఎందుకొస్తాడప్పా? బొరుగుల ఒగ్గాణి, బజ్జీలు తినిపోనీకి వస్తాడా?" అంది అమ్మ.

"ప్రాణం పోయేదాకా ఒట్టు నిలబెట్టుకున్యాడు బావా. ఇప్పుడు మనమే తాగిస్తామా?" అంది మరదలు.

"ఒట్టు బతికినోళ్ళకి. పోయినోనికి ఏం ఒట్టు?"

"పోయింది ఆయప్ప. పాప బతికే ఉండాది కదా."

అమ్మ పట్టు మాత్రం విడవలేదు. లోపలి గదిలో మంచం మీద పడుకున్న అమ్మాయి ఇదంతా వింటూనే ఉంది. ఏం చేసినా తనకు సమ్మతమేనంది. ఆ మాట అంటూ రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుంది. చదువుకున్నవాణ్ణి కనుక నేనే తేల్చాలని ఇద్దరూ ఒప్పుకున్నారు. ఆ ఇంట్లో ఆ రోజు కుదిరిన ఏకాభిప్రాయం అదొక్కటే. నాలుగు రోజులు గడువు అడిగి వచ్చేశాను.

పాఠశాలలో ఏళ్ళ తరబడి ప్రాచీన నాగరికతల మద్యాన్ని గురించి ధైర్యంగా పాఠాలు చెప్పినవాణ్ణి. గ్రీకులు ద్రాక్షమద్యంలో నీళ్ళు కలుపుకుని తాగేవారు, కలపకుండా తాగేవాణ్ణి అనాగరికుడనేవారు, విందు మొదట్లో కొంత దేవతల పేర నేలమీద ధార పోసి మిగిలింది తాము తాగేవారు అని చెప్పేవాణ్ణి. రోమన్ల సమాధుల్లో కొన్నింటికి మట్టి గొట్టాలు అమర్చి, పైనుంచి పోసిన మద్యం లోపలి వారికి చేరేలా చూసేవారని, ఈజిప్టువారు చనిపోయినవారి పక్కన మద్యం కూజాలు మూసిపెట్టేవారని చెప్పేవాణ్ణి. పిల్లలు రాసుకునేవారు. ఇవన్నీ ఎవరో ఒక అమ్మకూ, ఎవరో ఒక మరదలికీ మధ్య తేలిన సంగతులై ఉంటాయన్న ఆలోచన నాకు ఏనాడూ రాలేదు.

ఇప్పుడు వాటిలో తీర్పు వెతకబోతే ఒకటి మరొకదాన్ని కొట్టేసింది. గ్రీకులు చనిపోయినవారికి మద్యం పోశారు కదా అంటే అమ్మ మాట నెగ్గుతుంది. కానీ వారు పోసింది పోసినట్టు నేలకు ఇంకిపోయేది. బతికినవారు దాన్ని తాగేవారు కారు. మనం తాగుతాము. మరి మనది ధారా, విందా? ఒప్పందాలకు ఒట్టు పెట్టేటప్పుడు కూడా వారు మద్యమే ధార పోశారు. ఒట్టును కట్టేదీ అదే, ఇక్కడ ఒట్టును తెంచేదీ అదే. మన దేశం వైపు చూద్దామంటే, సోమం తాగే పితృదేవతలు ఉన్నారు. సుర తాగినవాడు మహాపాపి అన్న ధర్మమూ ఉంది. పూర్వపు పితృకర్మల్లో ఒకచోట, వంశంలో గతించిన స్త్రీలకు సుర సమర్పించాలని కూడా ఉంది. పురుషులకు లేని సుర స్త్రీలకు ఎందుకో నాకు బోధపడలేదు. చనిపోకముందు తాగుడు మానేసినవాడి సంగతి మాత్రం ఏ దేశంవారూ చెప్పలేదు. ప్రాచీన ప్రపంచంలో ఎవరూ మానేయలేదో, మానేసినవారిని గురించి రాసేంత విశేషం లేదనుకున్నారో తెలియదు.

చివరికి ఒక ఆధారం దొరికింది. ఒట్టు తప్పినవారిని వెంటాడి శిక్షించే ఉగ్రదేవతలు కొందరు గ్రీకులకు ఉన్నారు. ఆ దేవతలకు మాత్రం మద్యం పోయరాదు. తేనె కలిపిన నీళ్ళు పోయాలి. ఒట్టుకూ, మద్యం లేని ధారకూ సంబంధం కలిపే విషయం ఇది. దూరపుదే అయినా వరుసలో పెట్టదగినది. తమ్ముడి ఆకు పక్కన తేనెనీళ్ళు పెట్టాలని నిశ్చయించుకుని, అమావాస్యకు ముందు రోజు మళ్ళీ బ్రూస్‌పేట వెళ్ళాను.

ఇద్దరినీ కూర్చోబెట్టి, తరగతిలో చెప్పినట్టే చెప్పాను. ఉగ్రదేవతలకు మద్యం పోయరాదన్న మాట వినగానే మరదలి ముఖం తేటపడింది. అమ్మ శ్రద్ధగా విని, ఆ దేశంవాళ్ళు పెద్దలకు నంజుకోనీకి ఏం పెడతాండ్రని అడిగింది. నాకు తెలియదన్నాను. గతించిన స్త్రీలకు సుర పెట్టేవారన్నది కూడా నోరు జారి చెప్పాను.

"ఐతే నేను పోయినాక నాకూ ఒక గ్లాసు పెడతారా?" అంది అమ్మ, కోడలి వైపు చూసి.

మరదలు నవ్వింది. అత్తాకోడళ్ళ మధ్య మాట మళ్ళీ అక్కడ కలిసింది. అమ్మ తేనెనీళ్ళకు ఒప్పుకుంది. నా పని ముగిసిందనుకుని లేవబోయాను. అంతలో అమ్మ, తనలో తాను అనుకుంటున్నట్టుగా, ఎట్లా వాళ్ళ నాయన గ్లాసు పక్కనే ఉంటుంది కదా, కొడుకు నీళ్ళు తాగుతుంటే ఆయన చూస్తూ ఊరుకుంటాడా, కొంచెం వంచుతాడులే అంది.

మరదలు చేతిలోని చేట కింద పెట్టేసింది. అప్పటివరకు ఎవరికీ తట్టని సంగతి అది. నాన్నగారూ, తమ్ముడూ ఒకే పీట ముందు, ఒకే మూసిన తలుపు వెనుక ఉంటారు. తండ్రి ఇస్తే కొడుకు కాదనగలడా? నేను చెప్పిన ఏ దేశంలోనూ దీనికి అడ్డుకట్ట లేదు. ఇద్దరికీ వేర్వేరు గదుల్లో వడ్డిద్దామన్నాను. అమ్మ కొంగు కళ్ళకు అద్దుకుంది. ఒకే దుకాణంలో ఒకే పరుపు మీద కూర్చున్న తండ్రీకొడుకులను చచ్చాక వేరు పెడతావా అని అడిగింది. ఈసారికి నాన్నగారి గ్లాసే మానేద్దామన్నాను. ఆయన ఏం తప్పు చేశాడని ఇద్దరూ ఒకేసారి అన్నారు.

ఒక చిక్కును చూస్తే దాన్ని వరుసలో పెట్టకుండా ఉండలేని స్వభావం నాది. ముందు నాన్నగారికి వడ్డించి తలుపు మూద్దాం, తలుపు తీసి ఆ గ్లాసు ఖాళీ చేద్దాం, గ్లాసు కడిగి, అప్పుడు తమ్ముడికి వడ్డించి మళ్ళీ తలుపు మూద్దాం, తమ్ముడు వచ్చే వేళకు ఆయన వంచడానికి ఏమీ మిగిలి ఉండదు అన్నాను. చెబుతుండగానే అది సరైనదని నాకు తోచింది. చాలాసేపటికి మొదటిసారిగా సంతోషం కలిగింది.

"ఖాళీ చేసేదెవరు బావా?" అంది మరదలు.

కొడుకు తాగాలి. కొడుకునని చెప్పుకోవడానికి నేనొక్కణ్ణే మిగిలాను. అప్పటిదాకా ఈ సంగతి నాకెందుకు స్ఫురించలేదో ఇప్పటికీ చెప్పలేను. మరదలు నన్ను బలవంతపెట్టలేదు. లోపలి గది వైపు ఒకసారి చూసి తల దించుకుంది. సరే అన్నాను.

మరునాడు నడుమింట్లో నాన్నగారి ఆకు వేశాము. అమ్మ గ్లాసులో బ్రాందీ పోసింది. ఇంత ఎందుకన్నాను. మీ నాయన లెక్క అంతేనంది. తలుపు మూసి, కాసేపటికి నేను దగ్గి తీశాను. నీళ్ళు కలుపుకుంటానన్నాను. మీ నాయన కలపడు అంది. నేను పాఠంలో అనాగరికులని చెప్పిన వరుసలో నాన్నగారు చేరడం, ఆయన వెనుక నేనూ నిలబడడం అప్పుడు గమనించాను. అమ్మ, మరదలు, అమ్మాయి ముగ్గురూ చూస్తుండగా గ్లాసు ఎత్తి తాగాను.

గొంతు మండింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తరువాత కడుపులోంచి ఒక వెచ్చదనం పైకి పాకి, చెవుల దాకా వచ్చింది. ఉదయం నుంచి ఉపవాసం ఉన్న ముసలి శరీరం. అక్కడి నుంచి నా జ్ఞాపకం వరుస తప్పింది. అదే నన్ను నేటికీ బాధిస్తున్నది.

ఎడెకు పెట్టే గాజు గ్లాసు మా ఇంట్లో ఒకటే. దాన్ని పట్టుకుని పెరట్లో నీళ్ళ నల్లి దగ్గరికి వెళ్ళినట్టు గుర్తుంది. నల్లి తిప్పిన చప్పుడు గుర్తుంది. నీళ్ళు చేతులమీద పడిన చల్లదనం గుర్తుంది. ఆ నీళ్ళతో గ్లాసు కడిగానో, నోరు పుక్కిలించానో మాత్రం గుర్తు లేదు. రెండూ చేశాననిపిస్తుంది ఒకసారి. గ్లాసును గట్టుమీద పెట్టి, నోరు కడుక్కుని, అలాగే తెచ్చేశాననిపిస్తుంది మరొకసారి. తమ్ముడి ఆకులో ఒగ్గాణి, బజ్జీలు, ఓళిగలు వడ్డించి ఉన్నాయి. మరదలు కలిపి ఉంచిన తేనెనీళ్ళను గ్లాసులోకి వంచింది నేనే. అందరం బయటికి వచ్చి మెట్లమీద కూర్చున్నాము. వీధి కొద్దిగా కదులుతున్నది. లోపల తమ్ముడు ఉన్నాడా అన్న ప్రశ్నకు జీవితమంతా లేడని చెప్పగలిగినవాణ్ణి, ఆ తలుపుకు వీపు ఆనించుకుని ఏ జవాబూ చెప్పలేకపోయాను. అమ్మాయి నా భుజం తట్టి, "పెద్దనాయనా, ఇంగ దగ్గు" అనేదాకా దగ్గాలన్న సంగతే మరిచాను.

తలుపు తీశాము. తమ్ముడికి కొడుకులు లేరు కనుక వాడి గ్లాసు కూతురిది. మరదలు గ్లాసు తీసి అమ్మాయికి అందించబోయింది. నా ముక్కుకు వాసన తగిలింది. నా నోటిదో, గ్లాసుదో తెలియలేదు. ఆగమనడానికి నోరు తెరిచాను. ఏమని ఆపాలో తోచలేదు. ఈలోగా అమ్మ చెయ్యి చాచి ఆ గ్లాసు అందుకుంది.

"నా కొడుకుది నేను తాగుతా" అంది. ఒక గుక్క తాగి ఆగింది. ఫొటో వైపు చూసింది. తరువాత ఆపకుండా చివరిదాకా తాగేసింది.

మరదలు ఆమె ముఖంలోకే చూస్తూ, వాసనేమన్నా వస్తున్నదా అని మెల్లగా అడిగింది.

"తేనె. ఇంగేముంటాది?" అంది అమ్మ.

ఆ రాత్రి మరదలు చాలా రోజుల తరువాత కడుపు నిండా తిన్నదని అమ్మాయి నాకు చెప్పింది. దసరా వెళ్ళిన కొద్ది రోజులకు ఆసుపత్రిలో ప్రసవమైంది. ఆడపిల్ల. తల్లీబిడ్డలు క్షేమం.

పురిటి స్నానం అయిన తరువాత నేను అమ్మను విడిగా అడిగాను, ఆ రోజు గ్లాసులో నిజంగా ఏ వాసన వచ్చిందని. ముక్కు పని చేయక ఎన్నేళ్ళాయెనో, ఏ వాసనని చెప్పేదప్పా అంది. అయితే తేనె అని ఎందుకు చెప్పావంటే, నువ్వే కదా తేనె పొయ్యమన్నావు అంది. ఒక గుక్క తాగి ఎందుకు ఆగావంటే, చల్లగా ఉండె అంది. ఇంతకు మించి ఆమె చెప్పలేదు. ఆమెకు తెలిసి దాచిందో, దాచడానికి ఏమీ లేదో నేను తేల్చుకోలేకపోయాను.

మరదలి దగ్గర మాత్రం దాచడం సరి కాదనిపించింది. బిడ్డ నిద్రపోతున్న ఒక మధ్యాహ్నం, నల్లి దగ్గర జరిగింది, జరిగిందో లేదో తెలియనిది, ఉన్నదున్నట్టు చెప్పాను. కోప్పడుతుందనుకున్నాను. ఆమె ఊయల తాడు లాగుతూనే విన్నది.

"అంటే, ఆయప్పకి వాసనన్నా తగిలింటాది" అంది చివరికి. ఆ గొంతులో ఉన్నది భయమో, తృప్తో నాకు అర్థం కాలేదు. మళ్ళీ తనే అడిగింది: "వాసన ఒట్టు కిందికి వస్తాదా బావా?"

దీనికి నేను ఇంకా జవాబు చెప్పలేదు. మళ్ళీ అమావాస్య వచ్చేలోగా చెబుతానని ఏటా అంటూ వస్తున్నాను. కనుక ఇది చదివే పెద్దలకు నా విన్నపం. గ్రీకుల విషయంలో గానీ, మన పితృకర్మల విషయంలో గానీ నేను పొరపాటు రాసి ఉంటే దిద్దండి. నేను పెట్టిన వరుసలో లోపం ఎక్కడ ఉందో చూపండి. దాన్ని ఆచారంగా పాటిస్తున్నవారికి నాకంటే ముందు మీరే చెప్పినా సంతోషమే. ముఖ్యంగా, కడిగారో లేదో తెలియని గ్లాసును ఏ లెక్కలో పెట్టాలో ఎవరికైనా తెలిస్తే తెలియజేయండి. మరదలు అడుగుతున్నది.